కాలవ అడుగున మోటారు సైకిలు

1954 ఏప్రిల్ 19

గాలి దక్షిణం. కాలవలో నీళ్ళు లేవు.

లాంచి పుస్తకంలో లాకులు దాటిన వేళలు రాసే చోట ఇవాళ ఇంతే. కాలవ కట్టేశారు. ఏటా వేసవిలో కట్టేదే. లాంచిని ఒడ్డుకి లాగించి నేనూ నాగేసూ అడుగు గీకి తారు పూస్తున్నాం. మేనేజరు గారు గొడుగేసుకుని వచ్చి కాసేపు చూసి, "అంత తారెందుకర్రా, దండగ" అని వెళ్ళిపోయారు.

దండగ అంటే?

ఏప్రిల్ 20

తెలిసింది. నీళ్ళు వదిలాక కూడా లాంచి నడవదు. బాబుగారు బస్సు కొన్నారు. లాంచి ఆయనదే, బస్సూ ఆయనదే. కొత్తపేట నుంచి అమలాపురానికి కాలవ గట్టు మీదే పోతుందట. లాంచిలో కూర్చుని కునుకు తీసే తీరిక జనానికి ఇప్పుడు లేదట.

నలభై దాటిన లాంచి సరంగుని. చుక్కాని పట్టడం తప్ప ఈ చేతులకి ఏ పనీ రాదు. ఇంట్లో మంగకి చెప్పలేదు. అన్నం సయించలేదని మాత్రం చెప్పాను.

ఏప్రిల్ 22

అమలాపురం. బాబుగారి అరుగు. చేతులు కట్టుకుని నేనూ నాగేసూ.

నాగేసు మంగ తమ్ముడు. వాడికి చుక్కాని పట్టడం నేర్పింది నేనే. నేను అలిసిపోతే లాంచి వాడి చేతికిచ్చి పడుకునేవాణ్ణి, అంత నమ్మకం.

బాబుగారు తాంబూలం నములుతూ, "బస్సుకి ఒక్క డ్రైవరు చాలర్రా. మీరేమో ఇద్దరు. ఎవణ్ణి పొమ్మంటాను?" అన్నారు. అని నవ్వారు. మిలటరీ వాళ్ళ వేలంలో ఆయన మోటారు సైకిళ్ళు కొన్నారు. వచ్చే నెల రావులపాలెం దగ్గర ఏటి ఇసకలో వాటికి పందెం పెడతారు. మిల్లుల వాళ్ళ అబ్బాయిలు ఇద్దరు సరదా పడుతున్నారు. "మీరూ దిగండి. మీ ఇద్దర్లో ముందొచ్చిన వాడికి స్టీరింగు. రెండోవాడు వేరే చోటు చూసుకోవాలి."

"ఆయ్, అలాగేనండి" అన్నాడు నాగేసు. నేనూ అన్నాను. అనక చేసేదేముంది?

ఇదివరకు ఆయన ఎడ్ల పందాలు పెట్టేవారు. ఇప్పుడు మేము.

ఏప్రిల్ 23

మంగకి చెప్పాను. పొయ్యిలో పుల్లలు వెనక్కి లాగింది. తరవాత - "ఇద్దర్లో ఎవరు పడ్డా దెబ్బ నాకే కదండీ."

మాకు పిల్లల్లేరు. నాగేసుకి ముగ్గురు. ఆ సంగతి మంగా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

ఏప్రిల్ 26

డానియేలు నేర్పుతున్నాడు. ముమ్మిడివరం మనిషి. యుద్ధంలో ఈ బండ్లే నడిపాడట, ఇప్పుడు బాబుగారి బస్సు షెడ్డులో మెకానిక్కు. రోడ్డు మీదైతే జనానికి ముప్పని మమ్మల్ని ఎండిన కాలవలోకి దించాడు. అటూ ఇటూ గట్లు, అడుగున మెత్తటి ఒండ్రు. పడినా చావరండి, అన్నాడు.

కిక్కు కొట్టాను. బండి గుర్రుమంది. ఎక్కాను. కదిలింది. గట్టు మీదికొస్తోంది… కుడికి తిప్పాలి. తిప్పాను. ఎడమ గట్టులోకి పోయి పడ్డాను.

మళ్ళీ ఎక్కాను. మళ్ళీ ఎడమ గట్టే.

"అది చుక్కాని కాదండీ సరంగు గారూ! హేండిలండీ! ఎటెళ్ళాలో అటే తిప్పాలి!" - డానియేలు అరుపు.

నిజమే. లాంచి కుడికి పోవాలంటే చుక్కాని కర్రని ఎడమకి తొయ్యాలి. ఆలోచించి చేసే పని కాదది, చేతులే చేసేస్తాయి. ఇన్నేళ్ళు వాటి పుణ్యమాని తిన్నాను. ఇప్పుడు అవే నన్ను గట్టుకి కొడుతున్నాయి.

నాగేసు కూడా పడ్డాడు. కాని వాడు నవ్వుకుంటూ లేచాడు.

ఏప్రిల్ 27

మోకాలు. ఆముదం రాసి కట్టు కట్టింది మంగ.

ఏప్రిల్ 30

పొద్దున్నే ఒక్కణ్ణే కాలవ అడుగున నడిచాను. పైన ఇన్నేళ్ళు తిరిగాను గాని కింద ఏముందో ఎప్పుడూ చూడలేదు. గాజు పెంకులు, సొట్టపోయిన చెంబు, తెగిన మోకు. పలివెల మలుపులో లాంచి అడుగు గీకే రాయి ఒకటుండేది. ప్రతిసారీ దాన్ని తప్పించాలని ఊపిరి బిగబట్టేవాణ్ణి, తిట్టేవాణ్ణి, అంత కొండ అనుకునేవాణ్ణి. ఇవాళ చూశాను. విరిగిన తిరగలి రాయి.

దాని మీద కూర్చుని ఏడ్చాను. తిరగలి రాయిని చూసి ఏడ్చిన మగాడు ఈ తాలూకాలో నేనొక్కణ్ణే అయ్యుంటాను.

మే 2

బ్రేకు అనే వస్తువు మాకు తెలీదు. రేవు అల్లంత దూరాన ఉండగానే ఇంజను ఆపేసి తేలుతూ పోవడమే తెలుసు. బండి మీదా అలాగే ఆపేశాను. బండి తేలలేదు, పక్కకి ఒరిగింది. సైలెన్సరు కింద కాలు. చర్మం ఊడొచ్చింది.

ఇంకో నగుబాటు. మలుపు రాగానే "ఓహోయ్ పడవా!" అని కేకేశాను. మలుపుకి అవతల వచ్చే పడవ వాళ్ళకి వినపడాలని వేసే కేక. ఎండిన కాలవలో పడవేమిటి? గట్టు మీద కూర్చున్న వాళ్ళంతా అందుకున్నారు. ఓహోయ్ పడవా… ఓహోయ్ పడవా… ఇంటికొచ్చే దాకా వెంటపడింది.

మే 5

పడ్డాను. రాయడానికి ఇంకేమీ లేదు.

మే 8

నాగేసు ఇప్పుడు గట్టెక్కి దిగుతున్నాడు. పుంత దారిలో గుంటల మీంచి ఎగరేస్తున్నాడు. వాడికి ముప్పై నిండలేదు. వాడి చేతులు ఇంకా చెప్పిన మాట వింటాయి.

సాయంత్రం ఇంటికొచ్చాడు. అరుగు కింద నిలబడి, "బావగారూ, నేను తప్పుకుంటానండి. మీరే చేసుకోండి" అన్నాడు.

"నోరుముయ్యరా" అన్నాను.

ఇంకొక్కసారి అనుంటే ఒప్పేసుకునేవాణ్ణి. వాడు అనలేదు. కాఫీ తాగి వెళ్ళిపోయాడు.

మే 11

పలివెల మలుపు నుంచి లాకుల దాకా పడకుండా వెళ్ళాను! "ఎటెళ్ళాలో అటే… ఎటెళ్ళాలో అటే" అని పైకే అనుకుంటూ. పడవ ఇవ్వని గాలి అది. చొక్కా వీపు మీద టపటపలాడింది. ఒక్క క్షణం అన్నీ మరిచిపోయాను, బాబుగారినీ, లాంచినీ, వయసునీ.

అన్నం మారు పెట్టించుకున్నాను. మంగ నా మొహం చూసి గ్రహించింది. సంతోషించాలో భయపడాలో పాపం దానికీ తెలీలేదు. తల తిప్పుకుంది.

మే 14

పడ్డాను. నోటితో అనడం ఆపితే చాలు, చేతులు పాత దారి పడుతున్నాయి.

మే 19

పందెం చోటు చూపించాడు డానియేలు. కోసిన చేలో వరిదుబ్బుల మీంచి, చేను గట్లు ఎగిరి దాటి, ఏటిగట్టు దిగి, ఇసకలో నీటి అంచుదాకా పోవాలి. అక్కడ పాతిన తాటిమొద్దు దగ్గర ఎడమకి తిరిగి వెనక్కి రావాలి.

"నీళ్ళ వంక చూడకండి సరంగు గారూ. ఎటు చూస్తే అటే పోద్దండి బండి."

గోదారిని చూడకుండా ఎలా ఉండను? బతుకంతా దాన్ని చూస్తూనే ఉన్నాను కదా.

మే 22

రేపే.

మంగ పలివెల గుడికి వెళ్ళొచ్చింది. ఎవరి పేర అర్చన చేయించావని అడగలేదు. ప్రసాదం రెండు పొట్లాలుగా కట్టింది.

మే 23

పోయింది.

మే 24

రాస్తే గాని ఊపిరాడేలా లేదు.

ఏటిగట్టు నిండా జనం. బాబుగారు పందిట్లో కుర్చీలో. మిల్లు వాళ్ళ అబ్బాయిల్లో ఒకడు మొదటి చేను గట్టు దగ్గరే బోర్లా పడ్డాడు, రెండోవాడు దుమ్ము లేపుకుంటూ కనపడకుండా పోయాడు. వాళ్ళతో మాకు పని లేదు. మా ఇద్దరి పందెం వేరు.

నేను ముందున్నాను. నేనే! గట్లు దాటాను. ఏటిగట్టు దిగాను. నాగేసు బండి మోత వెనకాల, ఎంతకీ దగ్గర పడకుండా. ఎటెళ్ళాలో అటే, ఎటెళ్ళాలో అటే. ఇసకలో చక్రం పాములా ఆడింది, అయినా పడలేదు. మోకాలు సలుపుతున్నా తెలియలేదు. స్టీరింగు నాదే అనుకున్నాను. అనుకున్నాను, అదీ నిజమే.

అప్పుడు గట్టు మీద ఎవడో మొదలెట్టాడు. "ఓహోయ్ పడవా!" ఇంకొకడు. ఆపైన జనమంతా. ఆ గోలలో నా నోట్లో మాట ఆగిపోయింది. తాటిమొద్దు వచ్చేసింది. దాని వెనక నీళ్ళు… చూశాను. ఎడమకి తిరగాలి. చేతులు కుడికి తోశాయి.

అంతే. గోదాట్లోకి. బండి మునిగింది, మోత ఆగింది. నడుం లోతు నీళ్ళలో నిలబడ్డాను. నాగేసు మొద్దు చుట్టూ తిరుగుతూ ఒక్కసారి నా వంక చూశాడు. ఆగలేదు. ఎందుకాగుతాడు? నేనైనా ఆగను.

బాబుగారు కండువాతో కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. "సరంగు రేవుకి చేరేడ్రా!" అన్నారట.

ఒకటి రాయక తప్పదు. ఆ నీళ్ళలో నిలబడ్డప్పుడు ఒళ్ళంతా హాయిగా ఉంది. బయటికి రావాలనిపించలేదు.

మే 26

నాగేసు పెళ్ళాంతో వచ్చాడు. వంగి కాళ్ళకి దణ్ణం పెట్టబోయాడు. వెనక్కి జరిగాను.

"మీరు కావాలనే తిప్పేరు బావగారూ. నాకు తెల్సండి. ముందున్నది మీరే కదా. నా పిల్లల మొహం చూసి గోదాట్లోకి పోయేరు."

లేదురా అందామని నోరు తెరిచాను. గుమ్మంలో మంగ. నా వంక చూస్తోంది. పెళ్ళయిన కొత్తలో కూడా అలా చూసిన గుర్తు లేదు. తెరిచిన నోరు మూసుకున్నాను.

మే 28

ఊరంతా అదే మాట. కాఫీ హోటల్లో నేను అడుగు పెడితే బల్ల మీద వాళ్ళు లేచి చోటిచ్చారు. "బావమరిది పిల్లల కోసం చేతికొచ్చింది వదులుకున్న మనిషండీ" అని ఎవరో కొత్తవాడికి నన్ను చూపించారు. ఓహోయ్ పడవా అన్న నోళ్ళే ఇవి.

మంచివాణ్ణి అనిపించుకోవడం ఇంత రోతగా ఉంటుందనుకోలేదు. నేను ముందున్నాను. నేను గెలవాలనుకున్నాను. నాగేసు పిల్లలు ఆ వేళ నాకు గుర్తే లేరు. ఓడిపోయాను సరే, ఆ ఓటమైనా నాది కాకుండా చేశారు.

మే 30

మంగకి నిజం చెప్పేశాను. పొరపాటే, చేతులు చుక్కాని తోసినట్టు తోశాయి, అంతకు మించి ఏమీ లేదు అని.

నవ్వింది. "మీరెప్పుడూ అంతేగా. చేసింది చెప్పుకోరు" అంది. అని కంచంలో ఇంకో గరిటె నెయ్యి వేసింది.

జూన్ 3

పని కోసం తిరిగాను. రైసు మిల్లులో బస్తాలకి వయసులో ఉన్నవాళ్ళు కావాలన్నారు. ఇసక పడవల వాళ్ళు తమకే పని లేదన్నారు. ఒకాయన, "మీలాంటి పెద్దమనిషిని కూలికి పెట్టుకుంటే బాగోదండీ" అన్నాడు. అలా కూడా ఆ గొప్పతనం నా కూడు తీసింది.

లాంచి దగ్గరికెళ్ళాను. మేం పూసిన తారు ఎండకి కరిగి కారుతోంది.

జూన్ 5

ఏమీ లేదు. డానియేలు నాగేసుకి బస్సు నేర్పేశాడట. నేనిలా ఎన్నాళ్ళు?

జూన్ 8

గాలి నైరుతి. నీళ్ళు వదిలారు.

లాకుల దగ్గరికెళ్ళి నిలబడ్డాను. ముందు ఎర్రటి నురగ, చెత్త. ఆ వెనక నీళ్ళు. ఒండ్రులో మా చక్రాల జాడలు ఇంకా ఉన్నాయి - వంకర టింకరగా పోయి గట్టుకి కొట్టుకున్నవి నావి. చూస్తుండగానే నిండిపోయాయి. తిరగలి రాయి కూడా మునిగే ఉంటుంది.

అప్పుడు కూత వినపడింది. రెండు పొడుగు, ఒకటి పొట్టి. లాకులకి దగ్గర పడుతున్నాం, తలుపులు తియ్యమని లాంచి వేసే కూత అది. లాకుల వెంకన్న నాతో మాట్లాడుతున్న వాడల్లా లేచి పరుగెత్తి తలుపు తిప్పడం మొదలెట్టాడు.

గట్టు మీద బస్సు. నాగేసు స్టీరింగు దగ్గర, చెయ్యి బయటికి పెట్టి నాకు ఊపుతున్నాడు. నన్ను చూసి సంతోషంతో బస్సు హారను లాంచి కూతలా కొట్టాడు. బస్సు వెళ్ళిపోయింది.

సగం తెరిచిన తలుపు పట్టుకుని వెంకన్న కాలవ వంక చూస్తున్నాడు. "లాంచి ఏదండీ సరంగు గారూ?"

"రాదు వెంకన్నా" అన్నాను. ఇద్దరం కలిసి తలుపు మూశాం.

జూన్ 9

డానియేలు వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

ఊళ్ళో మాట బాబుగారి చెవిన పడింది. మండిపడ్డారట. "నా పందెంలో నాటకమా?" అని. ఆ తరవాత కాసేపు ఆలోచించి, "నిజంగా కావాలనే తిప్పుంటే ఆ పందెం చెల్లదు. సరంగే మొనగాడు, స్టీరింగు వాడిదే. నాగేసుని దింపెయ్యండి" అన్నారట. రేపు అరుగు దగ్గరికి రమ్మన్నారు. ఒక్కటే అడుగుతారట, సూటిగా. "పడ్డావా? పడేశావా?"

"ఏం చెప్తారండీ?" అన్నాడు డానియేలు. వాడికి నిజం తెలుసు. నా చేతుల సంగతి వాడికి కాక ఇంకెవరికి తెలుసు? అయినా అడిగాడు.

పడ్డాను అంటే నిజం. కుడికీ ఎడమకీ తేడా తెలీని చేతులకి ఈ జన్మలో ఎవరూ స్టీరింగు ఇవ్వరు. పడేశాను అంటే అబద్ధం. ఆ ఒక్క మాటకి బస్సు నాది, నాగేసు ముగ్గురు పిల్లలతో రోడ్డు మీద. పైగా అది అబద్ధమని ఎవరూ అనరు. ఊరంతా నాకు ముందే సాక్ష్యం చెప్పేసింది. మంగ కూడా.

ఛీ. నిజం చెప్తాను అని వెంటనే రాయగలిగే మనిషినైతే ఇంతసేపు పుస్తకం ముందు పెట్టుకుని కూర్చోను.

జూన్ 10

గాలి దక్షిణం. కాలవ నిండుగా ఉంది.

మంగ ఉతికిన పంచె తీసి పెట్టింది. బాబుగారు ఎందుకు పిలిచారో దానికి చెప్పలేదు. నా మంచితనానికి మెచ్చి ఏదో పని ఇస్తారనుకుంటోంది.

మోకాలు ఇంకా వాచే ఉంది. అమలాపురం దాకా నడవలేను. బస్సులోనే పోవాలి. నాగేసు కబురు పెట్టాడు - తన పక్కన ముందు సీటు నా కోసం ఖాళీగా ఉంచుతాడట.